ఇంకో నెల ఆగొచ్చు

రసీదు అడుగున, నా చేతిరాతలోనే, ఒక మాట:
"వెనక బ్రేకు రబ్బర్లు అరిగాయి. ఇంకో నెల ఆగొచ్చు."
ఆమెకి పద్దెనిమిది డాలర్లు మిగిల్చాననుకున్నాను.
ఇప్పుడా కాగితానికి పసుపు చీటీ అంటించి
ఎగ్జిబిట్ పద్నాలుగు అంటున్నారు.

మిల్వాకీలో కినికినిక్ అవెన్యూ,
పేరే సైకిలు బెల్లులా మోగే వీధి.
మార్చి నెల. ఇంకా తెల్లారలేదు.
మంచు కరగడానికి చల్లిన ఉప్పు
రోడ్డు మీద ఎండి చారలు కట్టింది.
ఒడెసా టిల్మన్ బేకరీకి పోతోంది,
నాలుగున్నరకల్లా పిండి కలపాలి.
లోర్నా వీచోరెక్ కారు కుడికి తిరిగింది.
సిగ్నల్ వేసి తిరిగిందా, తిరిగి వేసిందా
అన్నది ఏడాదిన్నరగా నలుగుతోంది.
నా కొట్టు అక్కడికి రెండు వీధులే.
చప్పుడు నాకు వినపడలేదు, నిద్రపోతున్నాను.
ఈ మాటా ప్రమాణం చేసే చెప్పాను.

వకీలు మంచివాడే, నీళ్లు పోసిచ్చాడు.
"మిస్టర్ వుకోటిచ్, కొత్త రబ్బర్లయితే
సైకిలు ఎన్నడుగులు ముందు ఆగేది?"
"పొడి రోడ్డు మీదా, ఉప్పు మీదా?"
"మీ అంచనా చెప్పండి చాలు."
ముప్ఫై ఎనిమిదేళ్లుగా చక్రాలు సరిచేస్తున్నా,
గిర్రున తిప్పి చూస్తే
వెంట్రుకవాసి వంకర కంటికి చిక్కుతుంది.
"నాలుగు," అన్నాను. "నాలుగో, ఐదో."
మూలన కూర్చున్న టైపు అమ్మాయి
నా నసుగుడు కూడా వదలకుండా కొట్టుకుంది.

ఇక్కడ తప్పుని తూకమేస్తారు.
కారుకి డెబ్భై, సైకిలుకి ముప్ఫై,
అటూ ఇటూ జరపొచ్చు, కలిపితే మాత్రం నూరు కావాలి.
ఆమె వైపు యాభై దాటిందా, చిల్లిగవ్వ రాదు.
ఆ నూరులో నా పేరెక్కడా లేదు.
నేనూ అడగలేదు.

బల్లకి అటుపక్క ఒడెసా ఎడమచెయ్యి,
లోపల ఒక రేకు, ఆరు మరలు.
ఎక్స్‌రే చూపించారు. ఒక మర కాస్త పక్కకి దిగింది,
నేనైతే విప్పి మళ్లీ బిగించేవాణ్ణి.
"జడ వేసుకోగలరా?"
"మా అమ్మాయి వేస్తుంది."
"అంటే, మీరు వేసుకోలేరా?"
"అమ్మాయి వేస్తుందన్నాను కదండీ."

విరామంలో కాఫీ మిషను దగ్గర
ఆమె నాకొక సంచీ అందించింది.
లోపల ఊదారంగు ఉన్ని కోటు, డ్రైక్లీనింగ్ చీటీతో సహా.
"ఆ రోజు రోడ్డు మీద నాకు కప్పింది ఆవిడే.
అంబులెన్సులో నాతోపాటే వచ్చేసింది.
ఆవిడతో మాట్లాడొద్దన్నారు మావాళ్లు.
నాతో మాట్లాడొద్దన్నార్ట వాళ్లవాళ్లు.
రెండు చలికాలాలు, మా బీరువాలోనే."

సాక్షి కోట్లు మోయొచ్చో లేదో నాకు తెలీదు.
వరండాలో కొక్కేనికి తగిలించి వచ్చాను.
సాయంత్రం లోర్నా దాని ముందు ఆగింది.
కాలరు పట్టుకుంది, జేబులో చెయ్యి పెట్టింది,
మా గది తలుపు వైపు తిరగబోయింది.
ఆమె వకీలు మోచెయ్యి పట్టి
లిఫ్టు వైపు నడిపించాడు, మెత్తగా,
గుడ్డివాళ్లని రోడ్డు దాటించినట్టు.
కోటు ఆమె చేతిలోనే ఉంది.

మూడు వారాలకి రాజీ పడ్డారు.
ఎంతకో గుట్టు. కాగితంలో ఒక్క వాక్యం మాత్రం తెలిసింది,
ఎవరూ ఏ తప్పూ ఒప్పుకోవడం లేదని.

సైకిలు నా కొట్టులోనే వేలాడుతోంది, హ్యాండిలుకి కేసు నంబరుతో.
రబ్బర్లు మార్చాను. డబ్బులెవర్ని అడగను?
ఆమె ఇటు బస్సులో వెళ్తుంటుంది,
ఒకసారి కిటికీలోంచి చెయ్యూపింది, కుడిచెయ్యి.

ఇందాక ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు.
"బ్రేకులు ఇంకొన్నాళ్లు ఆగుతాయా?"
నొక్కి చూశాను. ఆగుతాయి, నిజానికి.
పెన్సిలు చెవి మీంచి తీశాను.
రసీదు మీద ఏం రాయాలో తోచలేదు.
అతను జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.